రెండు గట్ల మధ్య ఫాల్టు కరెంటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "ఒక్కొక్కరూ వాళ్ళ వృత్తి గురించి అరగంట మాట్లాడాలండి, పదో తరగతి పిల్లలకి కూడా అర్థమవ్వాలి" అన్నారు. డాక్టరుగారికైతే రోగాలున్నాయి, ప్లీడరుగారికైతే కేసులున్నాయి. నేను సర్వీసంతా కరెంటు పంపిణీలో, సబ్‌స్టేషన్ల రక్షణ పనుల్లో గడిపినవాణ్ణి. మా పని బాగా జరిగితే ఎవరికీ కనపడదు. జరగనప్పుడే ఊరంతా మా గురించి మాట్లాడుకుంటారు. అందుకని ఒకే ఒక్క సంగతి ఎంచుకున్నాను. లైనులో ఫాల్టు వచ్చినప్పుడు ఎంత కరెంటు పారుతుంది? దాన్ని ఎంతలో ఉంచాలి? వినడానికి ఇంజనీర్ల గొడవలా ఉంటుంది గానీ, కొబ్బరితోట ఉన్నవాళ్ళకి, రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకి, ఇంట్లో నీళ్ళ మోటారు ఉన్నవాళ్ళకి ఇది ప్రాణాల లెక్క. ఇందులో మన సైన్సు మాస్టారు బోర్డు మీద రాసిన ఓమ్ నియమం తప్ప కొత్తదేమీ లేదు. కాబట్టి భయపడకండి.

గండి, అక్విడెక్టు

ఫాల్టు అంటే కరెంటు తన దారి వదిలి అడ్డదారి పట్టడం. గాలికి రెండు తీగలు కొట్టుకున్నాయి. ఎండు కొబ్బరి మట్ట జారి రెండు తీగల మీద అడ్డంగా పడింది. సముద్రపు ఉప్పుగాలి పింగాణీ ఇన్సులేటరు మీద తెట్టు కట్టి, మంచు కురిసిన తెల్లవారుజామున దాని మీంచి కరెంటు పాకింది. తీగ తెగి నేల మీద పడింది. ఇవన్నీ కాలువ గట్టుకి గండి పడడం లాంటివే.

గండి పడిందని కబురొస్తే మనం రెండు ప్రశ్నలు అడుగుతాం. ఎంత నీరు పోతోంది? ఎంతసేపట్లో పూడుస్తారు? కరెంటు విషయంలో మాత్రం మనకి రెండో ప్రశ్నే గుర్తుంటుంది. ఫ్యూజు పోయింది, బ్రేకరు పడింది అంటాం. అది ఆపడం. మొదటి ప్రశ్న అంతకంటే ముందుది. ఆపేలోపు ఎంత పారనిస్తాం అన్నది. ఆపడం వేరు, అదుపులో ఉంచడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా పట్టుకుంటే ఇవాళ నేను చెప్పబోయేది సగం అర్థమైనట్టే.

మరి ఆ కరెంటుకి హద్దు ఎక్కడ? ధవళేశ్వరంలో గోదావరి ఎంత నిండుగా ఉన్నా, వైనతేయ దాటి రాజోలు వైపు వెళ్ళే నీరు గన్నవరం అక్విడెక్టులో పట్టినంతే. అక్విడెక్టు సన్నం అయితే అవతల గండి పడినా పోయే నీరు కొంతే. వెడల్పు చేస్తే పంటకి నీరు బాగా అందుతుంది, గండి పడ్డప్పుడు నష్టమూ పెద్దదవుతుంది. కరెంటులో ఆ అక్విడెక్టు పని చేసేది ట్రాన్స్‌ఫార్మరు. దానికి లోపల ఉండే అడ్డునే ఇంపిడెన్సు అంటాం. దాన్ని నేమ్‌ప్లేటు మీద శాతాల్లో చెక్కి ఉంచుతారు.

ఒక లెక్క చేద్దాం. పిల్లలు కాగితం తీయండి. మన మండలాల్లో కనిపించే 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఉందనుకోండి. 11 కేవీ వైపు దాని పూర్తి లోడు కరెంటు 262 ఆంపియర్లు. ఇంపిడెన్సు 7.15 శాతం. 262ని 7.15 శాతంతో భాగిస్తే దాదాపు 3,600 ఆంపియర్లు. సబ్‌స్టేషన్ గేటు దగ్గరే మూడు తీగలూ కలిసిపోతే పారే కరెంటు అది. మామూలు లోడుకి పధ్నాలుగు రెట్లు.

అక్కడినుంచి దూరం వెళ్ళేకొద్దీ తీగ కూడా అడ్డు చెబుతుంది. రాబిట్ అని మేము పిలిచే అల్యూమినియం కండక్టరు వేసిన లైనులో పది కిలోమీటర్ల దగ్గర ఆ 3,600 కాస్తా 850 దగ్గరికి వస్తుంది. ఇరవై కిలోమీటర్ల చివర్న 450 కూడా కష్టమే. అంటే ఒకే లైను మీద సబ్‌స్టేషన్ పక్క ఊళ్ళో పడిన మట్టా, సముద్రం ఒడ్డు ఊళ్ళో పడిన మట్టా ఒకటి కాదు. ఒకటి పిడుగులా ఉంటుంది, ఇంకొకటి కాస్త ఎక్కువ లోడులా కనిపిస్తుంది.

పై గట్టు: ఎక్కువైతే ఏమవుతుంది

కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. తీగల మధ్య, ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మధ్య తోపులాట కూడా నాలుగింతలే. తొలి అరక్షణంలో వచ్చే శిఖరం ఇంకా ఎత్తు. లెక్కలో 3,600 వస్తే, మొదటి ఊపు దానికి రెండున్నర రెట్ల దాకా పోవచ్చు. మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది కదా. ఒక ఊపుకి 20 మిల్లీసెకన్లు. మొదటి శిఖరం చేరడానికి అందులో పావు నుంచి సగం వరకు చాలు. బ్రేకరు ఎంత మంచిదైనా, రిలే చూసి, చెప్పి, అది తెరుచుకునేసరికి మూడు నాలుగు ఊపులు అయిపోతాయి. కాబట్టి బ్రేకరు మొదటి దెబ్బని ఆపలేదు. దెబ్బ తిన్న తరవాత తలుపు వేస్తుంది, అంతే. మొదటి దెబ్బ ఎంత గట్టిగా తగలాలో నిర్ణయించేది మనం ముందే కట్టిన వ్యవస్థ.

ఇక్కడే మన కోనసీమ సంగతి వస్తుంది. మన ప్రాంతంలో లోడు ఏడాదికేడాది పెరిగింది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు చెరువులు వచ్చాయి, చెరువులతో ఏరియేటర్లు వచ్చాయి. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, డాబాల్లోకి ఏసీలు వచ్చాయి. లో వోల్టేజీ అని అర్జీలు పెట్టాం. అర్జీకి జవాబుగా ఒక ట్రాన్స్‌ఫార్మరు పక్కన రెండోది వచ్చింది, లేదా పెద్దది వచ్చింది. మంచిదే. కానీ రెండు 5 ఎంవీఏలని ఒకే బస్ మీద కలిపి నడిపితే ఆ 3,600 కాస్తా 7,200 అవుతుంది. తీగ అదే, స్తంభం అదే, ఎప్పుడో బిగించిన క్లాంపు అదే. వోల్టేజీని నిలబెట్టే బలమే ఫాల్టుకి బలం. లో వోల్టేజీ వద్దు, ఫాల్టు కరెంటు కూడా వద్దు అంటే కుదరదు. రెండూ ఒకే ఇంపిడెన్సుకి రెండు ముఖాలు.

అందుకని సబ్‌స్టేషన్ మధ్యలో బస్ సెక్షన్ స్విచ్ అని ఒకటి పెడతాం. రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఉన్నా, మామూలు రోజుల్లో దాన్ని తెరిచి ఉంచి, ఎవరి ఫీడర్లు వారివిగా నడుపుతాం. ఫాల్టు కరెంటు సగంలో ఉంటుంది. ఒకటి చెడినప్పుడు మాత్రం మూసి రెండో దాని మీద నడుపుతాం. ఖర్చు లేని కట్టడి ఇది. లొల్ల లాకుల దగ్గర ఏ కాలువ తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తెలిసిన మనిషి ఉండాలి కదా. ఇదీ అలాంటి పనే.

అది చాలని చోట ప్రపంచంలో ఇంకా చాలా చేశారు. కావాలనే ఎక్కువ ఇంపిడెన్సుతో ట్రాన్స్‌ఫార్మరు చేయించుకోవడం, దారిలో రియాక్టరు అనే తీగచుట్టని అడ్డం పెట్టడం పాత పద్ధతులు. పెద్ద ఫ్యాక్టరీల్లో చిన్న పేలుడు మందుతో పనిచేసే లిమిటర్లుంటాయి. ఫాల్టు మొదలైన వెయ్యోవంతు సెకనులో కరెంటు పెరిగే వేగాన్ని పసిగట్టి, అసలు దారిని పేల్చి తెంచేసి, కరెంటుని పక్కనున్న ఫ్యూజులోకి తోస్తాయి. శిఖరం చేరకముందే కథ ముగుస్తుంది.

అన్నింటిలో అందమైనది సూపర్ కండక్టరు లిమిటరు. 1911లో హాలండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని అతి చల్లగా చేస్తే దాని నిరోధం మాయమైపోవడం చూశాడు. ఆ చలి కోసం ద్రవ హీలియం కావాల్సి వచ్చేది. 1986లో జ్యూరిచ్ దగ్గర బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు పింగాణీ లాంటి పదార్థంలో అంతకంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర అదే గుణం కనిపెట్టారు. ఆ మరుసటి ఏడాదికే ద్రవ నైట్రోజన్ సరిపోయే పదార్థాలు వచ్చాయి. అంటే మైనస్ 196 డిగ్రీలు. దీన్ని లైనులో పెడితే మామూలు కరెంటుకి అడ్డే ఉండదు. కరెంటు ఒక హద్దు దాటగానే ఆ గుణం పోయి, రెప్పపాటులో తనే పెద్ద నిరోధంగా మారిపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, రిలే అక్కర్లేదు. లో వోల్టేజీ బాధ లేకుండా ఫాల్టుకి మాత్రమే అడ్డం పడే వస్తువు ఇదే. 2014లో జర్మనీలోని ఎసెన్ నగరం నడిబొడ్డున 10 కేవీ మీద కిలోమీటరు పొడవు సూపర్ కండక్టరు కేబులు వేసి, దానితో పాటు ఇలాంటి లిమిటరు కూడా పెట్టారు. ఇరవైనాలుగు గంటలూ ద్రవ నైట్రోజన్ చల్లదనం ఉండాలి. మన మండల సబ్‌స్టేషన్‌కి అంత హంగు అవసరం లేదు. పిల్లలు మాత్రం గుర్తుపెట్టుకోండి, మీ కాలానికి ఇది మామూలు వస్తువు కావచ్చు.

నిజానికి అంత గొప్ప గుణంలో కొంత ఉన్న వస్తువు మన చేతిలోనే ఉంది. దాని పేరు హెచ్.ఆర్.సి. ఫ్యూజు. తెల్లటి పింగాణీ గొట్టంలో సన్నటి వెండి రేకు, చుట్టూ కూరిన శుభ్రమైన ఇసుక. ఫాల్టు పెద్దదైతే రేకు శిఖరం రాకముందే కరిగిపోతుంది. పుట్టిన మంటని ఇసుక మింగేసి గాజులా గడ్డకడుతుంది. ఇది ఆపడమే కాదు, అదుపు చేయడం కూడా. బయటికి కనిపించే మామూలు రాగి తీగ ఫ్యూజుకి ఆ శక్తి లేదు.

కింది గట్టు: తక్కువైతే ఏమవుతుంది

ఇంతవరకూ విన్నవాళ్ళు "అయితే ఫాల్టు కరెంటు ఎంత తక్కువైతే అంత మంచిది కదా" అనుకుంటారు. కాదు. గండి పెద్దదైతే ఊరంతా పరుగెత్తుకొస్తారు. గట్టు కింద ఎలుక బొరియలోంచి నీరు కారితే ఎవరూ చూడరు. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేది ఆ రెండో రకమే.

అమెరికాలో, మన 11 కేవీకి దగ్గరగా ఉండే 12.5 కేవీ లైన్ల మీద తీగలు తెంపి నేల మీద పడేసి పరీక్షలు చేశారు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు మీద పడితే సుమారు 75 ఆంపియర్లు పారింది. తడి గడ్డి మీద 50. తడి ఇసుక మీద 15. పొడి ఇసుక మీద దాదాపు సున్నా. ఈ అంకెల్ని మన నేల మీద పెట్టి చూడండి. కాలువల కింద నల్లమట్టి పొలాలు ఒక రకం. సముద్రం వైపు ఇసుక మెరకలు, సరుగుడు తోటలు ఇంకో రకం. ఫీడరు మామూలుగానే 150 ఆంపియర్లు మోస్తుంటే, ఎర్త్ ఫాల్టు రిలేని 40కి పెట్టినా, తడి ఇసుక మీది 15 దానికి కనపడదు. పొడి ఇసుక మీద పడ్డ తీగైతే ఏ యంత్రానికీ కనపడదు. ఆ తీగ చచ్చిపోలేదు. ఆరువేల పైచిలుకు వోల్టులు ఎత్తుకుని పడుకుని ఉంది. దాని మీద కాలు పెట్టిన మనిషి కోసమో, గేదె కోసమో చూస్తుంది.

"సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడలేదు కాబట్టి తీగలో కరెంటు లేదు" అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. తెగిన తీగని ముట్టుకోవద్దని చెప్పేది మామూలు జాగ్రత్త మాటగా తీసుకోకండి. యంత్రాలు చూడలేని చోట మనిషే రిలే.

తుఫాను ముందు కరెంటు ఎందుకు తీసేస్తారని అడుగుతుంటారు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను ఈ సభలో పెద్దలెవరూ మర్చిపోరు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ళ పేర్లు వింటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అలాంటి గాలిలో వందల చోట్ల ఒకేసారి చెట్లు కూలి తీగలు తెగుతాయి. కొన్ని కాంక్రీటు మీద పడతాయి, కొన్ని నీళ్ళలో, కొన్ని ఇసుకలో. ఏది కనిపిస్తుందో ఏది కనపడదో మా దగ్గర లెక్క ఉండదు. కాబట్టి ముందే తీసేయడం ఒక్కటే నమ్మకమైన దారి. తిరిగి ఇచ్చే ముందు లైను పొడుగునా మనిషి నడిచి చూడాల్సిందే. ఆలస్యమైందని తిట్టుకునేటప్పుడు ఆ నడిచే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.

ఈ చిన్న ఫాల్టు కరెంటుల మీద ప్రపంచంలో అందరికంటే పట్టుదలగా పనిచేసింది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది. 2009 ఫిబ్రవరి 7న అక్కడి కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయారు. కిల్‌మోర్ ఈస్ట్ దగ్గర తెగిన కరెంటు తీగతో పుట్టిన మంట ఒక్కటే 119 మందిని పొట్టన పెట్టుకుంది. దాని మీద విచారణ సంఘం వేశారు. ఆ తరవాత 45 సబ్‌స్టేషన్లలో ఎర్త్ ఫాల్టు కరెంటుని వెంటనే అణిచే పరికరాలు పెట్టాలని చట్టం తెచ్చారు. దాని మూలసూత్రం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వాల్డెమార్ పీటర్సన్ అనే జర్మన్ ఇంజనీరు చెప్పిందే. ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌ని మనలాగా నేరుగా భూమికి కట్టకుండా, సరిగ్గా కొలిచి చేసిన తీగచుట్ట ద్వారా కడతారు. అప్పుడు ఒక తీగ నేలని తాకితే, లైను ఇచ్చే కరెంటునీ చుట్ట ఇచ్చే కరెంటునీ ఒకదానికొకటి ఎదురు నిలబెట్టి దాదాపు రద్దు చేస్తారు. విక్టోరియా వాళ్ళు దానికి ఎలక్ట్రానిక్స్ జోడించి, 22 కేవీ లైనులో ఎర్త్ ఫాల్టు వస్తే ఆ తీగ వోల్టేజీ 85 మిల్లీసెకన్లలో 1,900కి, అర సెకనులో 750కి, రెండు సెకన్లలో 250 వోల్టులకి దిగాలని నియమం పెట్టారు.

మనం అదే తెచ్చి పెట్టుకోవచ్చు కదా అంటే, తేలిక కాదు. ఒక తీగని అణిస్తే మిగతా రెండు తీగల మీద భూమితో పోల్చిన వోల్టేజీ ఆరువేల నుంచి పదకొండు వేలకి ఎగురుతుంది. పాత ఇన్సులేటర్లు, పాత కేబుళ్ళు దాన్ని తట్టుకోవాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టిన సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న లైనులో అసలు పొసగదు. ఒకచోట మందు ఇంకోచోట మందు కావాలని లేదు. కాని ఒక పాఠం ఉంది. వాళ్ళు "ఫాల్టు వస్తే ఆపుదాం" అనుకుని ఊరుకోలేదు. "వచ్చిన మొదటి క్షణంలో ఎంత పారాలి" అని అడిగారు.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నాలుగు పోగులు

ఇప్పుడు మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వద్దాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. మన ఇళ్ళ వైపు పూర్తి లోడు 133 ఆంపియర్లు. ఇంపిడెన్సు 4.5 శాతం. దిమ్మె దగ్గరే తీగలు కలిస్తే 2,960 ఆంపియర్లు. అదే అర కిలోమీటరు అవతల, సన్నటి తీగ చివర, ఫేజూ న్యూట్రలూ కలిస్తే 240 దాటదు. ఒకే ఫ్యూజు ఈ రెండింటినీ చూసుకోవాలి. 133ని మోయాలి, 240కి పోవాలి. చాలా సన్నటి సందు అది.

రాత్రి రెండు గంటలకి ఆ ఫ్యూజు పోయిందనుకోండి. ఏరియేటర్లు ఆగాయి. చెరువులో ఆక్సిజన్ పడిపోతోంది. తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతే రైతు కూడా తేలిపోయినట్టే. ఆయన లైన్‌మన్‌తో "ఏమయ్యా, ఇంకో రెండు పోగులు ఎక్కువెయ్యి, మాటిమాటికీ పోకుండా" అంటాడు. లైన్‌మన్ "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. రైతు బాధ నిజం, లైన్‌మన్ నిద్ర నిజం. కాని ఒక పోగు వేయాల్సిన చోట నాలుగు పోగులు మెలివేస్తే ఏమైంది? ఆ ఫ్యూజు ఇక 240ని గుర్తుపట్టదు. చివరి స్తంభం దగ్గర తీగ తెగి చెరువు గట్టు మీద పడితే దానికి అది రెండు ఏరియేటర్లు ఎక్కువ పెట్టినట్టుంటుంది, అంతే. తెల్లవారి మేత వేయడానికి వెళ్ళిన కుర్రాడికి తెలుస్తుంది. ఎక్కువ పోగులు వేయడమంటే కింది గట్టుని తవ్వేయడం.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే దానికి కారణం ఉంది. లోడు పెరిగింది, లేదా ఎక్కడో జాయింటు కాలుతోంది, లేదా మట్ట తగులుతోంది. పోగు పెంచడం జ్వరం చూసి థర్మామీటరు పగలగొట్టడమే.

దీనికి సరైన మందు మన రాష్ట్రంలోనే పెద్ద ఎత్తున అమలైంది. దాన్ని హెచ్.వి.డి.ఎస్. అంటారు. వ్యవసాయ మోటార్ల కోసం ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, దాన్నుంచి పొడుగాటి ఎల్.టి. లైను అనే పాత పద్ధతి తీసేసి, 11 కేవీ తీగనే మోటార్ల దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం. లైన్ లాస్ తగ్గుతుందని, కొక్కేలు వేయడం కుదరదని దాని గురించి చెబుతారు. ఫాల్టు కరెంటు కంటితో చూస్తే ఇంకో మేలు కనిపిస్తుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు పూర్తి లోడు 33 ఆంపియర్లు. దిమ్మె దగ్గర ఫాల్టు 740 మాత్రమే. అంటే పై హద్దు 2,960 నుంచి 740కి దిగింది. లైను పొడుగు వంద మీటర్లకి మించదు కాబట్టి చివరి స్తంభం దగ్గర కూడా 500 దాకా వస్తుంది. లోడుకీ ఫాల్టుకీ మధ్య పదిహేను రెట్ల తేడా. ఫ్యూజుకి తికమక ఉండదు. పాత పద్ధతిలో ఆ తేడా రెండు రెట్లు కూడా లేదు. ఒకే దెబ్బకి పై గట్టు దిగింది, కింది గట్టు ఎదిగింది. నా దృష్టిలో మన పల్లెకి సరిపోయిన ఫాల్టు కరెంటు లిమిటరు అదే. ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు.

మన ఇల్లు, మన బడి

చివరిగా ఇంటి లెక్క. మోటారు లోపల తీగ ఇన్సులేషన్ పోయి బాడీకి తగిలింది. బాడీకి ఎర్త్ కట్టాం. ఎర్త్ గుంత నిరోధం 5 ఓమ్‌లైతే 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు పోతుంది. గండి కనిపించింది, పూడింది. అదే గుంత ఎండి, ఉప్పూ బొగ్గూ వేసి ఏళ్ళైపోయి 20 ఓమ్‌లైతే? 230ని 20తో భాగిస్తే 11.5. ఫ్యూజు పోదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది. బాడీ మీద రెండు వందల వోల్టులకి తగ్గకుండా కూర్చుని ఉంటుంది. ఇసుక నేలలో కట్టిన ఇళ్ళకి వేసవిలో ఇది రోజూ ఉండే ప్రమాదం.

ఈ చిన్న కరెంటుని చూడగల పరికరం ఒక్కటే, ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. ఆంపియరులో వందకి మూడు వంతులు, అంటే 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే కట్టేస్తుంది. మామూలు ఎం.సి.బి. ఈ పని చేయదు. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది ఉందనుకుంటారు. ఆర్.సి.సి.బి. మీద "టి" అని ఒక మీట ఉంటుంది. ఇంటికెళ్ళి చూడండి. ఆ మీట లేకపోతే మీ ఇంట్లో అది లేనట్టే. ఉంటే నెలకోసారి నొక్కండి, పడిపోతే బాగున్నట్టు.

డాబాల మీద సోలారు పలకలు పెట్టుకునేవాళ్ళు ఎక్కువవుతున్నారు. వాటి ఇన్వర్టరు ఫాల్టులోకి తన సామర్థ్యానికి సాధారణంగా ఒకటిన్నర రెట్లకి మించి ఇవ్వదు. తనని తాను అదుపు చేసుకునే వస్తువు. మంచిదే. కాని ఊరంతా సోలారైన రోజున ఫ్యూజుని కాల్చేంత కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నది రాబోయే ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. ఆ ఇంజనీర్లు ఈ బడి వెనక వరసలోనే ఉండొచ్చు.

సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో గేటు కడదామని, శిలాఫలకం పెడదామని మాటలు వినిపించాయి. కట్టండి, కాదనను. దానికంటే ముందు ఈ బడి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.లు పెట్టించి, ఎర్త్ గుంతలు కొత్తగా తీయించి, వాటి నిరోధం కొలిపించి, ఆ అంకెని బోర్డు పక్కన రంగుతో రాయిద్దాం. ఏటా వేసవి సెలవుల తరవాత మళ్ళీ కొలిచి పాత అంకె పక్కన కొత్తది రాయాలి. ఆ కొలత పదో తరగతి పిల్లల చేత, సైన్సు మాస్టారి ఎదుట, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను పక్కనుండగా జరగాలి. ఖర్చు గేటుకి అయ్యేదానిలో పదో వంతు కూడా ఉండదు. కొలిచే పని నేర్పడానికి ఏడాదికోసారి నేను వస్తాను, నా తరవాత రాగల మరో ఇద్దరి పేర్లు కూడా కార్యదర్శిగారికి ఇచ్చాను.

ఫ్యూజులో పోగు వేసే ప్రతి లైన్‌మన్‌కి, పోగు ఎక్కువ వేయమని అడిగే ప్రతి రైతుకి చెప్పడానికి నాకో మాట ఉంది. పోయే ఫ్యూజు మనకి శత్రువు కాదు, పోని ఫ్యూజు శత్రువు.